ఆర్డుయినోతో గాల్వో మిర్రర్లు: ముందు మైనస్ 15 వోల్టుల సంగతి

"లేజర్ గాల్వో సెట్ తీసుకున్నాను. ఆర్డుయినో ఊనోతో తిప్పడానికి ఏ లైబ్రరీ మంచిది? పవర్ దాని 5 వోల్టుల పిన్ నుంచే ఇవ్వొచ్చా?" అని అడిగారు. ఇవ్వకూడదు. లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) మాట ఆఖర్న చూద్దాం. గాల్వో అంటే లేజర్ కిరణాన్ని తిప్పే చిన్న అద్దం బిగించిన మోటారు, ఊనో దాన్ని నడిపించే చిన్న కంట్రోలర్ బోర్డు. అద్దం వణికినా, బొమ్మ వంకర పోయినా అందరూ ముందు కోడ్ మీద పడతారు. పదిలో తొమ్మిదిసార్లు తప్పు పవర్‌లోనో గ్రౌండ్‌లోనో ఉంటుంది.

గాల్వో స్టెప్పర్ మోటారు కాదు, బొమ్మ విమానాల సర్వో అంతకన్నా కాదు. షాఫ్టు అటూ ఇటూ కొన్ని డిగ్రీలు ఊగుతుందంతే. అద్దం ఎక్కడుందో లోపలి పొజిషన్ సెన్సర్ డ్రైవర్ బోర్డుకు ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. మీరిచ్చిన వోల్టేజీకి తగ్గ కోణం వచ్చేదాకా బోర్డు కాయిల్‌లోకి కరెంటు తోస్తుంది. మధ్యలో ఇంకో మోటార్ డ్రైవర్ పెట్టే పనే లేదు. మీరు ఇవ్వాల్సినవి రెండే: శుభ్రమైన పవర్, -5 నుంచి +5 వోల్టుల దాకా సిగ్నల్.

20 కేపీపీఎస్ (సెకనుకు 20 వేల చుక్కలు) రకం సెట్లలో చాలావాటికి +15, గ్రౌండ్, -15 అని మూడు తీగలు ఉంటాయి. కొన్ని బోర్డులకు 24 వోల్టులు కావాలి, బోర్డు మీద రాసింది చూసుకోండి. సులువైన దారి: 15 వోల్టులు, 2 ఆంపియర్ల సప్లైలు రెండు తీసుకుని, మొదటిదాని మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలపండి. ఆ కలిసిన చోటే గ్రౌండ్. రెండింటి అవుట్‌పుట్ మైనస్‌కూ ఎర్త్‌తో సంబంధం ఉండకూడదు. ఉంటే రెండో సప్లై అక్కడికక్కడే షార్ట్ అవుతుంది. డ్రైవర్ బోర్డు దగ్గరే ఒక్కో లైనుకు 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. రెండు సప్లైలకూ కలిపి ఒకటే స్విచ్ ఉండాలి.

ఎందుకంటారా? మైనస్ లైను ఒక్కటే వదులై ఊడిందనుకోండి. అద్దాన్ని ఒకవైపు నెట్టే బలం ఉంటుంది, వెనక్కి లాగేది ఉండదు. టక్కున చివరికి కొట్టుకుని అక్కడే బిగుసుకుపోతుంది. అది ఇంకా సరైన చోటికి రాలేదని సెన్సర్ చెబుతూనే ఉంటుంది, బోర్డు కరెంటు పోస్తూనే ఉంటుంది. అలాగే వదిలేస్తే కాయిల్ కాలుతుంది. మోటార్లను ప్లాస్టిక్ ముక్కలో బిగించేవాళ్లకు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అల్యూమినియం దిమ్మ ఇచ్చింది అందానికి కాదు, వేడి లాగడానికి.

ఇక సిగ్నల్. ఊనోలో అనలాగ్‌రైట్ ఆజ్ఞ చాలా పిన్నుల్లో ఇచ్చేది 490 హెర్ట్జ్ పల్సులు, వాటిని నేరుగా ఇస్తే అద్దం ఈగలా జుమ్మంటుంది. వీడియోల్లో ఇది చూపించి "పని చేస్తోంది" అనేవాళ్లను ఏమనాలో తెలియదు. ఈఎస్‌పీ32 అనే ఇంకో కంట్రోలర్ చిప్ లోపలి డ్యాక్‌కు (అంకెలను వోల్టేజీగా మార్చే భాగం) 256 మెట్లే, గీతలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఎంసీపీ4822 అనే డ్యాక్ చిప్ వాడండి: 12 బిట్లు, రెండు ఛానళ్లు, 0 నుంచి 4.096 వోల్టులు. దాని తర్వాత +15, -15 మీద నడిచే టీఎల్074, అంటే నాలుగు ఆప్‌యాంప్‌లు (సిగ్నల్ పెంచే సర్క్యూట్లు) ఉన్న చిప్. అందులో రెండు ఆప్‌యాంప్‌లు ఎక్స్, వైలకు డిఫరెన్స్ యాంప్లిఫైయర్లు, అంటే రెండు వోల్టేజీల తేడాను పెంచేవి (రెసిస్టర్లు 10 కిలోఓములు, 24 కిలోఓములు). మూడోది 2.048 వోల్టుల ఆఫ్‌సెట్‌కు (సిగ్నల్‌ను సున్నాకు అటూ ఇటూ తేవడానికి అందులోంచి తీసేసే వోల్టేజీ) బఫర్, అంటే ఆ వోల్టేజీ కదలకుండా నిలిపేది. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో అది) 2.4 కాబట్టి అవుట్‌పుట్ -4.9 నుంచి +4.9 దాకా వస్తుంది. ఆఫ్‌సెట్‌ను బఫర్ లేకుండా పాట్ (తిప్పి సరిచేసే రెసిస్టర్) నుంచి నేరుగా ఇస్తే ఎక్స్ కదిలినప్పుడల్లా వై కూడా జరుగుతుంది. బోర్డు ఇన్‌పుట్‌లో ఎక్స్ మైనస్, వై మైనస్ పిన్నులను గాల్లో వదలకండి, గ్రౌండ్‌కు కట్టండి. బొమ్మ సైజు సగానికి తగ్గుతుంది, చాలు. సైజు పాట్ తప్ప బోర్డు మీది మిగతా పాట్లు ముట్టుకోవద్దు. అవి ఆ మోటారుకూ ఆ అద్దానికీ సరిచేసినవి. వై అద్దం పెద్దది కాబట్టి బోర్డులను తారుమారు చేసినా తంటానే.

ఆన్ అయిన వెంటనే డ్యాక్ నుంచి ఏమీ రాదు, అంటే ఆప్‌యాంప్ దగ్గర -4.9, అద్దం ఒక మూలకు. అందుకే సెటప్‌లో మొదటి పని రెండు ఛానళ్లకూ మధ్య విలువ 2048 రాయడం. ఆ తర్వాతే 15 వోల్టుల స్విచ్ వేయండి.

20 కేపీపీఎస్ అంటే చుక్కకు 50 మైక్రోసెకన్లు. సైన్ విలువలు అప్పటికప్పుడు లెక్కిస్తే ఊనో అందుకోలేదు, ముందే పట్టిక వేసుకోండి. చుక్కలు టైమర్ ఇంటరప్ట్ (సరిగ్గా వేళకు మిగతా పని ఆపి నడిచే కోడ్) నుంచి పోవాలి. రెండు ఛానళ్లూ రాశాక ఎల్‌డ్యాక్ పిన్‌ను (రెండు విలువలనూ ఒకేసారి బయటికి వదిలే డ్యాక్ పిన్) ఒక్కసారి కిందికి లాగండి, లేకపోతే ఏటవాలు గీత మెట్లెక్కుతుంది. మూలల దగ్గర అదే చుక్కను నాలుగైదుసార్లు పంపితే కోణం గుండ్రంగా కరగదు.

లైబ్రరీ అక్కర్లేదు. ఎస్‌పీఐలో (చిప్‌లకు డేటా పంపే పద్ధతి) 16 బిట్లు పంపడమే: 'A' ఛానల్‌కు పై నాలుగు బిట్లు 0001, 'B'కి 1001, కింది 12లో విలువ. లేజర్‌ను వెలిగించి ఆర్పే టీటీఎల్ తీగకు, గ్రౌండ్‌కు మధ్య 10 కిలోఓముల రెసిస్టర్ పెట్టండి. ఊనో రీసెట్ అయ్యే ఆ కొద్ది సేపూ లేజర్ వెలగకుండా ఆపేది అదే.