నాన్నగారి పాటల ప్లేట్లలో ఆడపిల్లలకి వాటా ఉందా?

ప్రశ్న: మా నాన్నగారు నిరుడు పోయారు. వీలునామా రాయలేదు. తన జీతంతో కొనుక్కున్న 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) నాటకం ప్లేట్లు, ఎల్పీలు (లాంగ్‌ప్లే రికార్డులు) కలిపి ఆరు వందల దాకా అన్నయ్య ఇంట్లో ఉన్నాయి. ‘నాన్న నాకే ఇచ్చేశారు, పదేళ్లు ఆగితే లక్షలు పలుకుతాయి’ అంటున్నాడు. అమ్మ ఉంది. నాకూ చెల్లికీ వాటా రాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వస్తుందమ్మా. మీరు హిందువులే అనుకుని చెబుతున్నాను. వీలునామా లేకుండా పోయిన మగవారి స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా వస్తుంది, అంటే మీ ఇంట్లో తలా నాలుగో వంతు (నాయనమ్మ బతికుంటే ఆవిడకీ ఒక వాటా). పొలమైనా పాటల ప్లేట్లైనా లెక్క ఒకటే.

చిక్కల్లా ‘నాకే ఇచ్చేశారు’ అన్న మాటతోనే. పొలం, ఇల్లు దానమివ్వాలంటే రిజిస్ట్రేషన్ కావాలి గానీ ఇలాంటి చరాస్తికి అక్కర్లేదు, ఇష్టపడి చేతికి అప్పగిస్తే దానం చెల్లిపోతుంది. కాబట్టి నాన్నగారు బతికుండగా నిజంగానే అలా ఇచ్చేసి ఉంటే మీకు వాటా లేదు. కానీ ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది మీ అన్నయ్యే. నాన్నగారు ఆ ఇంట్లోనే ఉంటూ, బీరువా తాళం తన దగ్గరే పెట్టుకుని, వినాలనిపించినప్పుడు తనే తీసి తుడిచి వింటూ ఉండేవారా? అలాగైతే అప్పగించారని చెప్పడం చాలా కష్టం. ప్లేట్లు ఇప్పుడు మీ అన్నయ్య ఇంట్లో ఉన్నంత మాత్రాన అన్నయ్యవైపోవు.

ఇక పదేళ్ల తర్వాతి ధర. దాన్ని పట్టుకుని ఏ కోర్టూ వాటాలు వేయదు. రికార్డంటే బంగారం కాదు, ఏది అరుదు, ఏది ఎంత బాగుంది అన్నదాన్ని బట్టే రేటు. ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ ఎంత ప్రాణప్రదమైనా చాలా ఇళ్లలో ఉంది. పాత నాటకం సెట్టు అన్ని ప్లేట్లతో, కవరుతో సహా దొరికితే ఆ కథ వేరు, అందులో ఒక్క ప్లేటు తగ్గితే కొనేవాడు వెనకాడతాడు. అందుకే తలా నూట యాభై పంచుకుందామనుకోకండి, దయచేసి. లక్కతో చేసిన 78 ప్లేటు చెయ్యి జారితే ముక్కలే. ఎల్పీలు ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంకర తిరుగుతాయి, చెమ్మకి అట్టలు బూజు పడతాయి. పదేళ్లు ఆగితే ధర పెరగాలంటే ముందు అవి బాగుండాలి కదా.

నేనైతే ఇలా చేయమంటాను. ముందు అందరూ కూర్చుని లిస్టు రాయండి: లేబుల్ మీది నంబరు, పేరు, గీతలు పగుళ్లు ఉన్నాయా, రెండు వైపులా ఫోటో. తర్వాత పాత రికార్డులు కొనే ఇద్దరు ముగ్గురికి చూపించి ఇవాళ్టి ధర కట్టించండి. అన్నయ్యకే ఉంచుకోవాలని ఉంటే ఆ లెక్కన మీ ముగ్గురి వాటా డబ్బు ఇచ్చేయమనండి. లక్షలొస్తాయని అంత నమ్మకంగా ఉన్నాడు కాబట్టి, పదేళ్లలోపు అమ్మితే పైన వచ్చిన లాభం కూడా నాలుగు వాటాలని ఒప్పందంలో రాయించండి. చరాస్తి ఒక్కటే కాబట్టి ఈ కాగితానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు పేపరు మీద నలుగురి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉంటే మంచిది.

లిస్టు రాయనివ్వకపోయినా, మీకు చెప్పకుండా అమ్మడం మొదలుపెట్టినా ఆలస్యం చేయకుండా లాయరు నోటీసు ఇప్పించండి. అప్పటికీ వినకపోతే పార్టిషన్ (పంపకాల) దావా వేసి, అది తేలేదాకా ఒక్క ప్లేటు కూడా అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) అడగండి.