కోత లేకుండా బరువు తగ్గాలంటే బెలూనా, కుట్లా?

మీ వారు 164 సెంటీమీటర్ల ఎత్తు, 92 కిలోలు, షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు, ఆపరేషనంటే భయం, కడుపులో సెలైన్ (ఉప్పునీరు) నింపిన బెలూన్ వేయిస్తే చాలా అని కదండీ అడిగారు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 34 దాటింది. బెలూన్‌తో సాధారణంగా ఒంటి బరువులో పదోవంతు తగ్గుతుంది, ఈయనకి సుమారు 9 కిలోలు. మామూలు రకాన్ని 6 నెలలకి తీసేస్తారు. ఆ తర్వాత పాత తిండికి వెళ్తే బరువూ పాత చోటికే.

రెండోది కుట్ల పద్ధతి, ఈఎస్‌జీ (ఎండోస్కోపిక్ స్లీవ్ గ్యాస్ట్రోప్లాస్టీ). నోట్లోంచి ఎండోస్కోప్ (కెమెరా గొట్టం) పంపి, లోపలి నుంచే కుట్లేసి కడుపును ఇరుకు చేస్తారు. జనరల్ అనస్థీషియా తప్పదు. 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మెరిట్ ట్రయల్‌లో ఈఎస్‌జీ చేయించుకున్నవాళ్లు ఏడాదికి సగటున ఒంటి బరువులో 13.6 శాతం తగ్గారు. కడుపులో చాలా భాగాన్ని కోసి తీసేసే స్లీవ్ సర్జరీ అయితే పాతిక శాతం దాకా వెళ్తుంది. షుగరే అసలు బాధయితే సర్జరీని భయంతో కొట్టిపారేయకండి. కోత వద్దే వద్దంటే, బెలూన్ కంటే కుట్లకే నా ఓటు.

అయినా బెలూనే అనుకుంటే, ముందు ఎండోస్కోపీలో అల్సరో పెద్ద హయాటస్ హెర్నియానో (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) కనబడితే వేయరు. వేశాక మొదటి మూడు నాలుగు రోజులు వాంతులు, కడుపులో పట్టేసినట్టు నొప్పి. వాంతుల మందుతో పాటు ఓఆర్‌ఎస్, పల్చటి మజ్జిగ రెండు నిమిషాలకో గుక్క. గ్లాసెత్తి తాగితే అంతా బయటికే. అసలు ప్రమాదం షుగర్ మాత్రతో: తిండి లేకుండా గ్లిమెపిరైడ్ ఎప్పటిలాగే వేస్తే చెమటలు, చేతుల వణుకు, షుగర్ పడిపోతుంది. డోసు ముందే మార్పించండి. బెలూన్ తీసేదాకా యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ రోజూ ఉండాలి, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ముట్టకూడదు.

బెలూన్ లోపలి సెలైన్‌లో నీలం మందు కలుపుతారు. లీకైతే మూత్రం నీలంగానో ఆకుపచ్చగానో వస్తుంది. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, ఖాళీ బెలూన్ పేగులోకి జారి అడ్డుపడొచ్చు.

ఇంకోటి, బెలూన్ అన్నాన్ని ఆపుతుంది గానీ చెరుకురసాన్నీ ఐస్‌క్రీమునీ ఆపదు. విశాఖ బీచ్ రోడ్డు సాయంత్రాలు జాగ్రత్త!

బెలూన్ తీసే ముందు రెండు మూడు రోజులు ద్రవాలే. కడుపులో మెతుకులుంటే మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విశాఖలో ఆసుపత్రులన్నీ ఉండే ఆరిలోవ హెల్త్ సిటీలో రేటు అడిగేటప్పుడు తీసే ఖర్చు ప్యాకేజీలో ఉందా, గడువుకి ముందే తీయాల్సొస్తే ఎంత, అర్ధరాత్రి వాంతులైతే ఫోను ఎవరెత్తుతారు, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి.