హీరో ఎవరంటే... టామ్ గాడే!

ప్రశ్న: మనవడితో కూర్చుని 'టామ్ అండ్ జెర్రీ' చూస్తుంటాను. పిల్లి ఎలుకను పట్టుకోలేదని ఇద్దరికీ తెలుసు. అయినా చూసిందే చూసి పగలబడి నవ్వుతాం. ఎందుకంటారు? పైగా నాకు జాలంతా టామ్ మీదే. ఇది మామూలేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మామూలేనమ్మా. నేనూ మీ పార్టీయే. పేరుకి గెలిచేది జెర్రీ గానీ, బొమ్మను మోసేదంతా టామే. ఈసారి సౌండ్ తీసేసి వాడి ముఖం మాత్రమే చూడండి. ఆశ, కుట్ర, వెకిలి నవ్వు, చివరికి 'అయిపోయింది నా పని' అన్న ఎరుక, అన్నీ అందులోనే కనిపిస్తాయి. దెబ్బ తగిలాక కాదు మనం నవ్వేది. తగలబోతోందని వాడికి అర్థమై, కదలకుండా నిలబడిపోయిన ఆ అర సెకనులో! ఎడిటింగ్ గదిలో బతుకు వెళ్లదీసినవాణ్ణి కాబట్టి నా కన్ను అక్కడే పడుతుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. ఆ ఆగడంలో నాలుగు ఫ్రేములు కోసేస్తే నవ్వు పుట్టదు, పది కలిపితే చప్పబడిపోతుంది.

ఈ లెక్క టామ్, జెర్రీలను పుట్టించిన ఇద్దరిలో ఒకడైన విలియం హన్నాకి బాగా తెలుసు. రెండోవాడు జోసెఫ్ బార్బెరా కథలూ చిలిపి ఎత్తులూ అల్లేవాడు, హన్నా టైమింగ్ చూసేవాడు. 1940లో వచ్చిన మొదటి బొమ్మలో పిల్లి పేరు జాస్పర్. టామ్ అన్న పేరు ఆ తర్వాత వచ్చింది. 1958 దాకా హాలీవుడ్‌లోని ఎమ్‌జీఎమ్ స్టూడియోలో ఈ జోడీ 114 బొమ్మలు తీసి, ఏడు ఆస్కార్లు తెచ్చిపెట్టింది. అన్నట్టు, టామ్ పెట్టే ఆ గావుకేక హన్నా గొంతే.

మీరిద్దరూ 1947 నాటి 'ది క్యాట్ కాన్సర్టో' చూశారో లేదో. టామ్ కోటు తొడుక్కుని, మహా విద్వాంసుడిలా పియానో ముందు కూర్చుంటాడు. వాయించేది ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త పియానోకి రాసిన 'హంగేరియన్ రాప్సొడీ'. జెర్రీ పియానో లోపల, తీగల్ని కొట్టే సుత్తుల మీద హాయిగా నిద్రపోతున్నాడు. టామ్ మెట్టు నొక్కితే సుత్తి లేస్తుంది, దాంతోపాటు జెర్రీ! ఇక మొదలు. మెట్ల మీది మూత టామ్ వేళ్ల మీద పడుతుంది. మెట్లు ఉండాల్సిన చోట ఎలుకల బోను ప్రత్యక్షమవుతుంది. ఒకచోట చేతులు జెర్రీ వెంట పడితే, కాళ్లు పియానో వాయిస్తుంటాయి. ఇంత రభసలోనూ సంగీతం ఆగదు. నన్నడిగితే అసలు హాస్యం అదే. సభ ముందు పరువు పోకూడదు, ఎలుకా దక్కాలి. రెండూ కావాలనుకునేవాడి అవస్థ ఎవరికి తెలియదు? చివరికి టామ్ సొమ్మసిల్లిపోతే, చప్పట్లు జెర్రీ కొట్టేస్తాడు. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది, మళ్లీ పెట్టుకుని చూస్తాను.

ప్రశ్న: ఇవి చూసి పిల్లలు కొట్టుకోవడం నేర్చుకుంటారని భయం. చూపించమంటారా?
– ఇద్దరు పిల్లల తండ్రి

జవాబు: మరీ చిన్నవాళ్లయితే పక్కన కూర్చోండి. తలమీద ఇస్త్రీపెట్టె పడితే బొప్పి కట్టి ఊరుకోదని ఓ మాట చెప్పండి. నాకు అంతకన్నా ఇబ్బంది కలిగించేది వేరే ఉంది. ఆ రోజుల అమెరికాలో తీసిన ఈ బొమ్మల్లో నల్లజాతి వాళ్లను ఎగతాళిగా చూపించిన సన్నివేశాలున్నాయి. పేలుడులో ముఖం మసిబారి నల్లజాతి మనిషిలా కనిపిస్తే అదో జోకు. ఇంట్లో పనిచేసే ఆవిణ్ణి చూపించిన తీరూ అంతే. అవి వచ్చినప్పుడు నవ్వుల్లో కలిపి వదిలేయకండి.

ప్రశ్న: టామ్ నిజంగానే జెర్రీని వదిలేస్తే?
– ఒక విద్యార్థి

జవాబు: ఆ సరదా కూడా తీరిపోయింది బాబూ. 1944 బొమ్మ 'ది మిలియన్ డాలర్ క్యాట్' చూడు. టామ్‌కి పది లక్షల డాలర్ల ఆస్తి కలిసొస్తుంది. షరతు ఒక్కటే: ఏ ప్రాణికీ హాని చేయకూడదు, ఎలుకక్కూడా! ఈ సంగతి పసిగట్టిన జెర్రీ వాడి నెత్తికెక్కి ఆడిస్తాడు. టామ్ పళ్లు కొరుక్కుంటూ ఓర్చుకుంటాడు, ఓర్చుకుంటాడు, ఇక వల్ల కాదు. జెర్రీ మీద విరుచుకుపడి, మధ్యలో మనవైపు తిరిగి, ఆస్తి పోతే పోయింది, నేను మాత్రం సంతోషంగా ఉన్నానంటాడు. మళ్లీ ఉతుకుడు మొదలుపెడతాడు.