కాళ్ల మీద మచ్చలకు కడుపులో పురుగు మందా?

ప్రశ్న: మా అత్తగారికి 54 ఏళ్లు. జీడితోటలో పిక్కలు ఏరే పని. మూడు వారాలుగా మోకాళ్ల కింద ఊదారంగు మచ్చలు వస్తున్నాయి. ముక్క తీసి పరీక్షిస్తే రక్తనాళాల వాపు అని తేలింది. రక్తంలో ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) 2,100 ఉన్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్‌కి ముందు మలం పరీక్ష, పురుగుల మందు అంటున్నారు డాక్టరుగారు. బోదకాలు మాత్రలతో ఇచ్చిన ఆల్బెండజోల్ ఇదివరకే మింగారు కదా, మళ్లీ ఎందుకు?
- ఓ పాఠకురాలు, కవిటి మండలం

జవాబు: మీ డాక్టరుగారి జాగ్రత్త సరైనదేనమ్మా. ఈసినోఫిల్స్ మామూలుగా 500 దాటవు. 2,100 అంటే పురుగును అనుమానించాల్సిందే. పురుగు ప్రోటీన్లు, వాటి మీద ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలు జంటకట్టి, రక్తం నెమ్మదిగా నడిచే కాళ్ల సన్న నాళాల్లో పేరుకుంటాయి. అక్కడ గోడ వాచి చిల్లులు పడి, రక్తకణాలు చర్మంలోకి కారతాయి. గాజుగ్లాసుతో నొక్కినా మచ్చ తెల్లబడనిది అందుకే.

అసలు భయం స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగుతో. చెప్పుల్లేని పాదం గుండా మట్టిలోంచి ఎక్కుతుంది, పేగులోనే పిల్లల్ని పెంచుకుంటూ దశాబ్దాలు ఉండిపోతుంది. స్టెరాయిడ్ పడితే అదుపు తప్పి ఊపిరితిత్తులకూ పాకుతుంది, పేగు బాక్టీరియాను రక్తంలోకి మోసుకెళ్తుంది. ప్రాణాపాయం. ఒక్క ఆల్బెండజోల్ మాత్ర ఏలికపాములకు చాలుతుంది గానీ దీనికి చాలదు. దీనికి ఐవర్‌మెక్టిన్, కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. పరగడుపున నీళ్లతో. ఎన్ని రోజులన్నది డాక్టరుగారు చెబుతారు.

మలం ఒక్కసారి ఇస్తే పురుగు తరచు దొరకదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లార్వాలు (పురుగు పిల్లలు) చస్తాయి. బయట ఎక్కువసేపు ఉంచినా చిక్కే: కొంకిపురుగు గుడ్లు పొదిగి, ఆ పిల్లల్ని చూసి స్ట్రాంగిలాయిడిస్ ఏమో అని ల్యాబులో తికమకపడతారు.

మూత్రపరీక్ష మాత్రం రేపే చేయించండి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగితే ఉద్దానంలో అందరూ "మన కిడ్నీ జబ్బే" అనేసుకుంటారు. ఆ జబ్బులో మూత్రంలో ప్రోటీన్, రక్తం పెద్దగా పోవు. ఇక్కడ అవి కనిపిస్తే వాపు కిడ్నీకి పాకిందేమోనని చూడాలి. అప్పుడు గానీ, పాదం తిమ్మిరెక్కి వేలాడినా, కడుపునొప్పితో నల్లటి విరేచనమైనా గానీ, మలం రిపోర్టు కోసం ఆగకూడదు. ఐవర్‌మెక్టిన్ ఇచ్చి, వెంటనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. స్టెరాయిడ్ వాడుతుండగా జ్వరం, ఆయాసం, ఆగని వాంతులు వస్తే ఆసుపత్రికే తీసుకెళ్లండి. మాత్ర మీ అంతట మీరు మానేయించొద్దు.