అంబాసిడర్ మానిఫోల్డ్ విప్పబోతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

తాతగారి అంబాసిడర్‌కి మానిఫోల్డ్, అదే ఇంజన్ పొగని బయటికి పంపే పోత ఇనుము గొట్టం, లీకవుతోందని, దాన్ని నువ్వే విప్పుతానంటున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. గుణుపురం షెడ్డులో దుమ్ము పట్టి పడున్న బండిని మళ్లీ స్టార్ట్ చేశావని విన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో, ఈ మాట విన్నాక అంత కంగారు పుట్టింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇది మొత్తం చదివాకే పానా పట్టుకో.

బ్యాటరీ నెగటివ్ తీసెయ్. ఇంజన్ చల్లారాకే చెయ్యి పెట్టు. కార్బ్యురేటర్ దింపుతావు కాబట్టి పెట్రోల్ పైపు మూసి, బీడీ కాల్చేవాళ్లని అటు రానివ్వకు.

లీకుంటే, పొద్దున్నే చల్లటి ఇంజన్ తిప్పితే టిక్ టిక్‌మని వినబడి, వేడెక్కాక తగ్గుతుంది. పోత ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకోవడం వల్ల అలా తగ్గుతుంది, అంతేగాని అదే బాగైపోయిందనుకోకు. నల్లటి మసి ఎక్కడ పట్టిందో చూడు, లీకు అక్కడే.

నట్లకి రెండు రోజుల ముందు నుంచీ పొద్దునా సాయంత్రం తుప్పు వదిలే నూనె కొట్టు. పానా వేసినప్పుడు ముందు బిగించే వైపు కాస్త కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను.

1994 డిసెంబర్. ఇదే బండి, జయపురంలో మన పాత ఇంటి ముందు. తెల్లారితే అందరం రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్లాలి, నేనేమో సాయంత్రం దాకా లీకు సంగతి వాయిదా వేసి దీపం వెలుగులో మొదలుపెట్టాను. వెనక చివరి నట్టు మొండికేసింది. పానాకి పైపు తొడిగి లాగాను. కాసేపటికి నట్టు మెత్తగా తిరగసాగింది, వదులైందని సంతోషించాను. నిజానికి లోపల స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మరమేకు, మెలిపడుతోంది, ఆ మెత్తదనం అదేరా. టక్కున విరిగింది, ఇంజన్ హెడ్డుకి సమంగా, పట్టుకోడానికి గోరంత కూడా మిగలకుండా. ప్రయాణం మానేసి పొద్దున లేత్ షాపుకి వెళ్లి ఉంటే సరిపోయేది. నాన్నగారికి చెప్పడానికి భయమేసింది. సందులో పేస్టు కూరి, మిగతా నట్లు పట్టుకుంటాయిలే అనుకుని బిగించేశాను.

తెల్లవారుజామున కొరాపుట్ ఘాటీ ఎక్కుతున్నాం, పొగమంచు, చలి, అద్దాలన్నీ పైకెత్తేసి ఉన్నాయి. మీ అమ్మమ్మ తల దిమ్ముగా ఉందంది. అప్పుడు డిగ్రీ చదువుతున్న మీ అమ్మ తల వాల్చేసింది, ఘాటీ మలుపులు పడట్లేదనుకుని చేతిలో నిమ్మకాయ పెట్టాం. నాకూ కణతలు పోటెత్తాయి, నిద్ర చాలలేదనుకున్నా. మీ అమ్మ వాంతి చేసుకోడానికి అద్దం దించింది, ఆ గాలే మమ్మల్ని కాపాడింది. బండి ఆపి ఆమెని రోడ్డు పక్కన కూర్చోబెడితే చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. కూరిన పేస్టు ఊడిపోయింది, పొగ డ్రైవర్ కాళ్ల దగ్గరి రేకు కన్నాల్లోంచి లోపలికొస్తోంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మీ అమ్మ ఇప్పటికీ తనకి ఘాటీ పడదనే అనుకుంటుంది. అది ఘాటీ తప్పు కాదు, నాది. ఇన్నేళ్లు ఆమెకి చెప్పలేకపోయాను.

అందుకే స్టడ్డు విరిగితే అక్కడే ఆగిపో. విరిగిన ముక్కని లాగే ఎక్స్‌ట్రాక్టర్‌తో కుస్తీ పట్టకు, అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. మొండి మీద నట్టు వెల్డింగ్ చేసి తిప్పే మనిషిని పిలువు, డబ్బు నేనిస్తా. మానిఫోల్డ్ పగిలి ఉంటే మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేయించకు, పోత ఇనుముని ముందు వేడి చేసి, నికెల్ రాడ్ వాడి, మెల్లగా చల్లార్చాలి. లేకపోతే పక్కనే మళ్లీ చిట్లుతుంది. బండి తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఉన్నదాన్ని పారేయకు.

అంచు వంగిందేమో ఉక్కు స్కేలు పెట్టి చూడు. నీ 1489 సీసీ ఇంజన్‌లో గాలి లోపలికెళ్లే ఇన్‌టేక్, పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు, ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి, అందుకే రెండిటినీ కలిపి బిగించే గ్రైండింగ్ చేయించు. పాత ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, మూతికి మాస్కు కట్టుకుని, తడిపి గీకు నాన్నా. కొత్త నట్లు ఇత్తడివే వెయ్, తుప్పుకి అంటుకుపోవు. మధ్య నుంచి చివరలకి, కొంచెం కొంచెంగా బిగించు. ఒకసారి ఇంజన్ తిప్పి, చల్లారాక మళ్లీ బిగువు చూడు.

రేకు కన్నాల రబ్బర్లు మార్చకుండా అమ్మని ఆ బండి ఎక్కించకు.

అంతా అయ్యాక, మర్నాడు పొద్దున షెడ్డు తలుపులు బార్లా తీసి, స్టార్ట్ చేసే ముందు నాకు ఫోన్ కొట్టి, ఫోన్‌ని బానెట్ దగ్గర పెట్టు. టిక్కుమంటుందో లేదో నేను వింటాను. ఆ తర్వాత ఫోన్ అమ్మకివ్వు, ఆ డిసెంబర్ సంగతి ఆమెకి చెప్పాలి.

మావయ్య