టాపర్ అమ్మాయికి పీహెచ్‌డీలో "క్రిటికల్ థింకింగ్ లేదు" అంటున్నారు, మాన్పించేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో లైఫ్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ రెండో సంవత్సరం, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, నెలనెలా ఇచ్చే స్టైపెండ్) వస్తోంది. టెన్త్ నుంచి ఎమ్మెస్సీ దాకా క్లాస్ ఫస్టే. గ్రూప్ మీటింగుల్లో నోరు విప్పదని, క్రిటికల్ థింకింగ్ లేదని గైడ్ అన్నారట, అప్పట్నుంచి ఫోన్ చేస్తే ఏడుపే. మా బంధువులబ్బాయి డేటా సైన్స్ కోర్సు చేసి సెటిలయ్యాడు. ఇది మాన్పించి అందులో చేర్చాలా? రెండూ పోల్చి చెప్పగలరు. (ఒక హైస్కూల్ టీచర్, నల్గొండ జిల్లా)

జవాబు: మాస్టారూ, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి, ఊరు మారుద్ది, సబ్జెక్టు మారుద్ది, "క్లాస్ ఫస్టే" అన్న మాట మాత్రం అన్నిట్లో ఉంటుంది. పైకి మీరడిగింది పీహెచ్‌డీనా డేటా సైన్సా అని, లోపల మాత్రం ఇన్నాళ్లూ తెలివైనదనుకున్న పిల్ల అంత తెలివైంది కాదేమో అన్న గుబులు, అంతే కదా. ఆ గుబులు తీసేయండి. జాతీయ స్థాయి నెట్ పరీక్ష కొట్టి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్ల తెలివి గురించి కొత్తగా తేల్చాల్సింది ఏమీ లేదు.

ఇప్పటిదాకా ఆ అమ్మాయికి మార్కులు వచ్చింది వేరేవాళ్లు అడిగినదానికి జవాబు రాసినందుకు. ఇప్పుడు తనే అడగాలి, అదీ పదిమంది ముందు, గైడ్ ఎదురుగా, ఇంగ్లీషులో. ఇంటర్ రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టి, "ఎందుకలా సార్" అంటే "ఎగ్జామ్‌లో రాదమ్మా, రాసుకో" అనే కాలేజీలకి ఫీజులు కట్టింది మనమే. కోపం తెచ్చుకోకండి గానీ, మీ క్లాసులో ఈ ఏడాది ఎంతమంది పిల్లలు మిమ్మల్ని "అది తప్పేమో సార్" అన్నారు? అంటే మీరేం చేశారు? ఇరవై ఏళ్లు నోరు మూయించి పెంచిన పిల్ల రెండో ఏడాదిలో నోరు విప్పలేదని గైడ్‌కి ఆశ్చర్యం కలిగితే కలగొచ్చు, మనకి కలగకూడదు.

అసలు గైడ్ ఆ మాట అన్నప్పుడు దేని గురించి అన్నారో అమ్మాయి అడిగిందా? అడిగి ఉండదు, రూముకొచ్చి ఏడ్చి ఉంటుంది. "సార్, ఏ స్లైడ్‌లో నేను చూడాల్సింది చూడలేదు, ఒక్కటి చూపించండి" అని వెళ్లి అడగమనండి. తొంభై పాళ్లు జవాబు చాలా చిన్నదిగా వస్తుంది, కంట్రోల్ (పోల్చి చూసుకోడానికి పక్కన పెట్టే నమూనా) ఒకటి పెట్టలేదనో, ఒకసారి వచ్చిన రిజల్టుని మళ్లీ చెయ్యకుండానే చూపించిందనో, రీసెర్చ్ పేపర్‌లో రాశారు కాబట్టి నిజమే అనుకుందనో. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

ఒక ఉదాహరణ చెప్తా, వాళ్ల ఫీల్డుదే. ఎండీఏ-ఎంబీ-435 అని ఒక సెల్ లైన్ ఉంది, అంటే ల్యాబ్‌లో పెంచుతూ వాడుకునే ఒకే రకం కణాలు. బ్రెస్ట్ క్యాన్సర్ కణాలని దాని మీద ఏళ్ల తరబడి ప్రపంచమంతా పనిచేసింది, పేపర్లకి లెక్కే లేదు. 2000లో రకరకాల క్యాన్సర్ సెల్ లైన్లలో జీన్లు ఎలా పనిచేస్తున్నాయో పోల్చి చూస్తే ఇది బ్రెస్ట్ క్యాన్సర్ గుంపులో కాకుండా మెలనోమా గుంపులో, అంటే చర్మపు క్యాన్సర్ వైపు పోయి కూర్చుంది. తర్వాత డీఎన్ఏ పరీక్షల్లో అది ఎం14 అనే మెలనోమా లైనేనని తేలింది. అన్నేళ్లు దాన్ని వాడినవాళ్లలో పెద్ద పెద్ద సైంటిస్టులున్నారు మాస్టారూ. "ఫ్రీజర్‌లోంచి తీసిన ఈ సీసాలో సీసా మీద రాసిందే ఉందా" అన్నది ఎంత మామూలు ప్రశ్నో చూడండి, మీ అమ్మాయి అడగ్గలిగే ప్రశ్నే. దీనికి పెద్ద మేధస్సు కన్నా, అడిగితే నవ్వుతారేమో అన్న భయం లేకపోవడం ముఖ్యం.

అలవాటు ఎలా చేసుకోవాలి అంటే, ప్రతి మీటింగుకి ముందు పేపర్‌లోంచి ఒకే ఒక్క ఫిగర్ (గ్రాఫో బొమ్మో) పట్టుకోమనండి, మొత్తం పేపర్ అక్కర్లేదు. ఈ రిజల్టు ఇంకే కారణంతో రావచ్చు, ఏం కనబడితే పేపర్ రాసినవాళ్లు చెప్పింది తప్పని ఒప్పుకోవాలి, ఈ రెండూ తెలుగులోనే నోట్‌బుక్‌లో రాసుకుని, అందులో ఒకటి మీటింగులో అడగాలి. ఇంకోటి, నాకు బాగా నచ్చే పద్ధతి: నేచర్ కమ్యూనికేషన్స్, ఈలైఫ్, ఎంబో జర్నల్ లాంటి సైన్స్ పత్రికలు రివ్యూయర్లు, అంటే అచ్చు వేసేముందు పేపర్‌ని పరీక్షించే నిపుణులు, రాసిన అభ్యంతరాలని కూడా పేపర్‌తో పాటు పెడతాయి. ముందు పేపర్ చదివి తన అనుమానాలు తను రాసుకుని, ఆ తర్వాత రివ్యూయర్ల ఫైల్ తెరిచి చూసుకుంటే తను ఏది పట్టింది, ఏది వదిలేసింది తెలిసిపోతుంది, పైసా ఖర్చు లేదు. పేపర్‌ని ఏఐలో పడేసి సారాంశం తెప్పించుకుని మీటింగుకి పోయే అలవాటుంటే మాత్రం కొన్నాళ్లు ఆపమనండి, అనుమానం రావాల్సిన చోటే అది నున్నగా చెప్పేసి దాటిపోతుంది.

ఇక డేటా సైన్స్. నా అనుమానం దాచుకోను, అమీర్‌పేటలో ప్రతి రెండో బోర్డు మీద ఆ పేరే ఉంది, కొన్ని నెలల్లో పైథాన్, మెషిన్ లెర్నింగ్, చివర్లో అందరూ చేసే అదే ప్రాజెక్టు, అందరి రెజ్యూమేలూ ఒకేలా ఉంటే కంపెనీవాడు ఎవర్ని తీసుకోవాలి? మీ బంధువులబ్బాయి సెటిలయ్యాడు, సంతోషం, అతనితో పాటు చేరిన మిగతావాళ్లు ఏం చేస్తున్నారో ఒకసారి కనుక్కోండి, అది మనకెవరూ చెప్పరు. పైగా ఆ ఉద్యోగంలో నిలబడేది కూడా "ఈ నంబర్ ఎక్కడ్నుంచి వచ్చింది, ఎవర్ని వదిలేసి లెక్కేశారు" అని అడిగేవాళ్లే. అంటే ఏ లోపం ఉందని ఇక్కడ్నుంచి లాగేస్తున్నారో అదే అక్కడా అడుగుతారు. అమ్మాయికి నిజంగా ఇష్టముంటే స్టాటిస్టిక్స్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌డీ చేస్తూనే నేర్చుకోవచ్చు, థీసిస్‌కీ పనికొస్తాయి. డబ్బు సంగతి కూడా చూడాలి కాబట్టి, 2023 పెంపు ప్రకారం జేఆర్‌ఎఫ్ నెలకి 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వేరు. ఇది వదిలేసి ఎదురు ఫీజు కట్టి కోర్సులో చేరడం తొందరపాటే.

ఒక సందర్భంలో మాత్రం నేనే మారమంటాను. ఆ గ్రూపులో సీనియర్లు ఎవరైనా గైడ్ ఎదుట "ఇది కుదరదేమో సార్" అంటారా, అంటే ఆయన వింటారా, వెటకారం చేస్తారా అని అమ్మాయినే అడగండి. అడిగినవాళ్ల నోరు మూయించే గ్రూపులో కూర్చోబెట్టి క్రిటికల్ థింకింగ్ లేదంటే తప్పు గ్రూపుదే. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం ప్రతి సెమిస్టర్‌కి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పుకోవాలి, అందులో గైడ్ కాకుండా వేరేవాళ్లూ ఉంటారు, వాళ్లలో ఒకరితో విడిగా మాట్లాడితే గైడ్‌ని మార్చుకునే దారి ఉందో లేదో తెలుస్తుంది.

ఇంకో రెండు సెమిస్టర్లు చూడండి. ఈలోపు ఫోన్ చేసినప్పుడల్లా "మీ సారేమన్నారు" అని ఆరా తీయకండి, బంధువులబ్బాయి ఊసు అసలు ఎత్తకండి. అప్పటికీ మానేయాలనే ఉంటే నాకు మళ్లీ రాయండి, కాకపోతే ఈసారి ప్రశ్న అమ్మాయినే రాయమనండి, మీరు దిద్దకుండా పంపండి.