బీర పిందెలు పసుపెక్కి రాలుతుంటే

అన్నా, నర్సంపేట దగ్గర మీ బీర పందిరికి పూత నిండుగా ఉన్నా పిందెలు వేలెడంత కాకముందే రాలుతున్నాయన్నారు, మందు సాయంత్రమే కొడుతున్నామన్నారు. ముందు రాలిన పిందెను చీల్చి చూడండి. లోపల తెల్లపురుగుంటే పండు ఈగ పని. శుభ్రంగా ఉంటే పుప్పొడి అందలేదనే అనుమానించాలి.

గుమ్మడి, దోస తెల్లవారి పూస్తాయి, వాటికి సాయంత్రం మందు సరే. బీర పువ్వు విచ్చేదే సాయంత్రం ఐదారింటికి. తేనెటీగలు, చిమ్మటలు వాలేది అప్పుడే! పొద్దున పువ్వులు ముడుచుకున్నాక, గాలి లేనప్పుడు, అవసరమైతేనే కొట్టండి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పూత మీద వద్దే వద్దు, అది పుప్పొడిలోకీ చేరుతుంది. పక్క పత్తి చేను వాళ్లకూ చెప్పండి.

ఈలోపు చేత్తో చేయండి. సాయంత్రం ఆరింటికి మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, కింద పిందె ఉన్న ఆడపువ్వు నడుమ జిగట మొనకు మెల్లగా రుద్దండి. పసుపు పొడి కంటికి కనబడేలా అంటాలి. ఒక మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది.